కప్పు ఊపేదాక

సూర్‌ల ఆటగ్రౌండుకు తడి పెట్టేది నేను.
పదకొండేండ్లాయె.
మురుగు కడిగిన నీళ్లు, ఊదారంగు పైపులల్ల వస్తయి.
పొద్దుగూకినంక వాల్వు తిప్పితే
సముద్రం వాసన మీద ఇంకో వాసన ఎక్కి కూసుంటది.
మెట్‌పల్లి దిక్కు పసుపు పండిచ్చినోన్ని,
గడ్డిదేమున్నది అనుకున్న.
గడ్డి శానా మొండిది.
ఉప్పుగాలికి ఒక్క రాత్రిల మాడుతది,
బతిమిలాడితే వారం దినాలకు ఒక్క కన్ను తెరుస్తది.

కాప్టెన్ ఖల్ఫాన్ ఆట ఇడిచి పదహారేండ్లు.
ఇప్పుడు పోరగాండ్లకు కోచ్.
అయినా చేపల మార్కెట్‌ల కాప్టెనే,
దవఖానల సూదిచ్చే మలయాళీ సిస్టర్‌కు గూడ కాప్టెనే.
ఎడమ అంచుకు ఉరికెటోడట.
దోహాల రెండేండ్లు ఆడిన పైసలతోని
అన్నదమ్ముల పడవలకు ఇంజన్లు కొనిచ్చిండట.
క్లబ్బు గోడకు ఫోటో ఉన్నది:
మనిషి గాలిల ఉన్నడు,
బంతి ఫ్రేము బయట ఎక్కడనో.
ఆ ఎడమ మోకాలే ఇప్పుడు మడతవడది.
క్లచ్చు తొక్కలేడు.
అందుకే క్లబ్బు పికప్ నేను నడుపుత.

ఆయనను తీసేసిన దినం ఎవ్వలూ చెప్పలేదట.
పొద్దుగాల్ల బూట్లు పట్టుకొని బస్సెక్కితే
తన సీట్ల ఇంకోని సంచి.
డ్రైవర్ అద్దంల నుంచి చూసి
చూడనట్టు తల తిప్పుకున్నడట.
ఈ ముచ్చట నాకు రెండుసార్లు చెప్పిండు.
రెండుసార్లూ డ్రైవర్ దగ్గరనే ఆపిండు.

సెప్టెంబర్‌ల జాబితా కట్టాలె.
ఇరవై ఆరుమందిల నలుగురు పోవాలె.
ఫోన్‌ల మెసేజ్ పెడ్తే అయిపాయె అంటరు ఆఫీసోళ్లు.
కాప్టెన్ ఇస్త్రీ చేసిన దిష్‌దాష ఏసుకొని,
అత్తరు పూసుకొని బండెక్కుతడు,
పిల్లనడగ పోయినట్టు.

ఈడ కహ్వా పోసుడు ఆగది.
చిటికెడంత కప్పు, తాగినకొద్ది పోస్తరు.
చాలు అని నోటితోని అనద్దు,
కప్పును రెండు వేళ్లతోని ఇట్ల ఊపాలె.
చెప్పాల్సింది చెప్పేదాక కాప్టెన్ కప్పు ఊపడు.
మొదటి ఇంట్ల మూడు కప్పులు.
రెండో ఇంట్ల తండ్రి గొంతు లేసింది,
అయినా పోసుడు ఆపలే.
నేను బండిల కూసొని, తెరిసిన తలుపులకెళ్లి లెక్కవెడుత.

ఆఖరుది వంతెన అవతల, అల్ ఐజాల.
హైథమ్ అని బక్కపోరడు. మంచిగనే ఉరుకుతడు,
బంతి కాళ్లకాడికి వస్తే మాత్రం భయపడ్తడు.
తొమ్మిది కప్పులు.
బయటికొచ్చేసరికి గల్లీల కరెంటు లేదు.
ఆ పోరడే ఫోన్ లైటు కొట్టి,
కాప్టెన్ మోచెయ్యి పట్టి,
మూడు మెట్లు దించిండు.
ఎడమ కాలు ముందు, అని ఆయనకే నేర్పిచ్చిండు.

వాపస్ వచ్చేటప్పుడు అడిగిండు,
మీ దిక్కు ఎట్ల అని.
మక్కచేన్ల గుంటకు రెండు మొలిస్తే
ఒకటి పీకుతం అన్న.
"చెప్పి పీకుతరా?"
నా అరబ్బీ అంతదూరం పోలె.
గేరు మార్చిన.

నా వీసా మార్చిల అయిపోతది.
గడ్డి పని వేరే కంపెనీకి ఇస్తరంట,
స్టోర్‌ల పనిచేసే బంగ్లా పిలగాడు అన్నడు.
విననట్టు పైపు చుట్టుకుంట నిలవడ్డ.

నిన్న రాత్రి కాప్టెన్ నా రూముకు వచ్చిండు.
అత్తరు వాసన ముందుగాల వచ్చింది.
ఇనుప మంచం మీద కాలు సాపుకొని కూసున్నడు.
గడ్డి ముచ్చట పెట్టిండు,
గోల్ ముందర బట్టతల పడ్డ జాగ గురించి.
చాయ్ పోసిన. తాగిండు.
ఇంకో గలాసు పోసిన. తాగిండు.
పాలు అయిపోతె డబ్బా అడుగు గీకిన.

ఆయన చేతిల గలాసు ఇంకా ఊగలేదు.
నేను పోస్తనే ఉన్న.